కిరాయికి పోయిన టికెట్ కలెక్టర్

ఏనుగులో రెండు భాగాలుంటాయని, అవి వేర్వేరుగా కిరాయికి పోతాయని నాకు నాలుగో తరగతిలోనే తెలుసు.

మాది వేషాల దుకాణం. ఆబిడ్స్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత వెడల్పులో ఉంటుంది. బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకు, వార్షికోత్సవాలకు మేం డ్రెస్సులు కిరాయికి ఇస్తాం. దేవుళ్లు, రాజులు, పోలీసులు, కూరగాయలు, అడవి జంతువులు అన్నీ ఒకే కడ్డీకి వరసగా వేలాడుతుంటాయి. సింహానికీ జింకకూ మధ్య ఒక డాక్టరు ఉంటాడు. దుకాణంలో మా నాన్న పెట్టుకున్న సూత్రం ఒక్కటే: హ్యాంగర్‌కు వేలాడేది ఏదైనా కిరాయికి పోవచ్చు. దానికి అనుబంధంగా ఇంట్లో ఇంకో సూత్రం నడిచేది: పోటీ రోజు పొద్దున ఏది పోకుండా మిగిలితే అది మావాడు వేసుకుంటాడు.

మావాడు అంటే నేను.

యూకేజీలో వంకాయను. రెండో తరగతిలో పోస్టు డబ్బాను. ఆ ఏడాది ఎవరో పెద్ద క్లాసు అబ్బాయి నా నోట్లో నిజంగానే ఒక కాగితం వేశాడు. నాలుగో తరగతిలో ఏనుగు మిగిలింది. అది ఇద్దరు కలిసి వేసుకునే వేషం. ముందు భాగాన్ని ఏదో బడివాళ్లు నాటకానికి పట్టుకుపోయారు. వెనక భాగం నాకొచ్చింది. స్టేజీ మీద టీచర్ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏం వేషం నాన్నా ఇది?"

"ఏనుగు టీచర్."

"మరి తొండం ఏది?"

"కిరాయికి పోయింది టీచర్."

హాలంతా నవ్వింది. నాకు ప్రోత్సాహక బహుమతిగా ఒక సబ్బు పెట్టె ఇచ్చారు. ఆ రోజు నుంచి బళ్లో నాకు జోకులేసేవాడని పేరొచ్చింది. అది స్టాకు లేక వచ్చిన పేరని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఇతరుల చిరునామాలు ఎక్కిస్తుంటాను. నా పక్క సీటు అమ్మాయి సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలా మామూలు మనిషి. సెలవు రోజుల్లో మాత్రం అట్ట, ఫోము షీటు, జిగురు పెట్టి కవచాలు చేసుకుని యోధురాలవుతుంది. దాన్ని కాస్‌ప్లే అంటారని, అంటే కథల్లోని పాత్రలా తయారై పదిమందిలోకి వెళ్లడమని ఆమే చెప్పింది. మా ఇంట్లో దాన్ని వ్యాపారం అంటారని నేను చెప్పాను.

ఒకరోజు టిఫిన్ బాక్సు మూత తీస్తూ అంది. "వచ్చే నెల ఆదివారం నాంపల్లిల ప్రోగ్రాం ఉన్నది. కొత్తోళ్లకు వేరే రౌండు. నువ్వు కూడా రా యార్."

"ఏం వేషం వెయ్యాలి?"

"అది నువ్వే చెప్పాలె."

"దుకాణంలో ఏం ఖాళీగా ఉందో సాయంత్రం చూసి చెప్తా."

ఆమె చెంచా కింద పెట్టింది. "ఏం ఖాళీగున్నదని అడుగుతలేను. నీకేం గావాలె అని అడుగుతున్న."

నేను ఏదో జోకు వేయబోయాను. తట్టలేదు. నా ఇరవై మూడేళ్లలో వేసినన్ని వేషాలు ఈ ఊళ్లో చాలామంది నటులు కూడా వేసి ఉండరు. వాటిలో నేనుగా ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఇది పెద్ద విషాదమేమీ కాదు, ఆకలితో పడుకోలేదు, వంకాయగా పడుకున్నానంతే. కానీ ఒక్కసారైనా నాకు కావలసినవాడిలా తయారవ్వాలని ఆ మధ్యాహ్నం పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

ఎంచుకోవడం అలవాటు లేనివాడికి ఎంచుకోమంటే హోటల్లో మెనూ మొత్తం చదివి చివరికి మంచినీళ్లు తాగినట్టు ఉంటుంది. వారం రోజులు అదే పని. ఆరడుగుల కత్తి పట్టుకునే వీరుడు బాగానే ఉన్నాడు గానీ, నాంపల్లి మెట్రో స్కానర్ దగ్గర ఆ కత్తిని ఏమని పరిచయం చేయాలి? తెల్లజుట్టు మాంత్రిక యువకుడు అనుకుని మా అమ్మమ్మ సవరం పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. అచ్చం మా అమ్మమ్మే కనిపించింది. యంత్రమానవుడికి అట్ట పెట్టెలు సరిపోతాయి, కూర్చోవడమే కుదరదు. కండలు తిరిగినవాళ్లందరినీ ఒక్క చూపులో వదిలేశాను. వాళ్లు కూడా నన్ను ఎంచుకునేవాళ్లు కారు.

"నీ సైజుల లేడని ఫికర్ చెయ్యకు," అంది సహోద్యోగిని. "కొత్తోళ్లు జేసే తప్పే అది. ఎవరు సూట్ అయితడని చూస్తరు. ఎవరిని చూస్తే నీకు ఖుషీ అయితదో వాణ్ణి పట్టు."

ఖుషీ అనగానే ఒకడు గుర్తొచ్చాడు.

ఆదివారాలు ఆబిడ్స్ మెయిన్ రోడ్డు మీది దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అక్కడ ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. దానికి అట్ట లేదు. తొమ్మిదో పేజీలో మొదలై, సరిగ్గా ఓడ పేలబోయే ముందు ఆగిపోతుంది. పేరేమిటో, రాసిందెవరో నాకిప్పటికీ తెలియదు. చుక్కల మధ్య తిరిగే పెద్ద ఓడ కథ. హీరో ఉంటాడు, గాలే లేని చోట అతని జుట్టు ఎగురుతుంటుంది. విలన్ ఉంటాడు, పని మానేసి నవ్వుతుంటాడు. ఓడకు నిప్పంటుకుంటుంది. అందరూ అరుస్తుంటారు. ఆ గొడవలోకి ముదురాకుపచ్చ పొడుగు కోటు వేసుకుని, టోపీ మీద చిన్న దీపంతో, ఒంటి నిండా జేబులతో ఒక మనిషి మెల్లగా నడిచొచ్చి హీరో ముందు చెయ్యి చాపుతాడు.

"టికెట్."

"తప్పుకో! లోకాన్ని కాపాడాలి!"

"కాపాడండి సార్. టికెట్ చూపించి కాపాడండి."

తర్వాత విలన్ టికెట్ కూడా చూసి, "మీది పక్క బోగీ" అని పంపించేస్తాడు. అంతే. నాలుగు పేజీలు. పుస్తకంలో అతనికి పేరు కూడా లేదు. ఆ నాలుగు పేజీల కోసం ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అందరూ గుండెలు బాదుకుంటున్న చోట "అది సరేగానీ" అనగలిగిన మనిషి నాకు లోకంలో అందరికంటే గొప్పవాడిలా కనిపించేవాడు.

పుస్తకం ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాను.

"ఎవరు గుర్తు వడ్తరు యార్ ఈయనను?"

"ఎవరూ పట్టరు."

"మరి?"

"గుర్తే పట్టకపోతే తప్పు కూడా పట్టలేరు గదా."

ఆమె పుస్తకం మూసి, "కోటుకు మందం బట్ట తీస్కో, నిలబడ్తది," అని మాత్రం అంది.

సోఫాలకు వేసే ముదురాకుపచ్చ బట్ట కొన్నాను. కుట్టింది మా అమ్మ. దుకాణంలో చిరిగిన రాజులకూ తోక తెగిన కోతులకూ అన్నిటికీ ఆమే కుట్టుపని చేస్తుంది. పుస్తకంలో బొమ్మ చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసి చూసింది.

"హీరోనా?"

"కాదు."

"విలనా?"

"కాదమ్మా."

"మరి గింత మంచి బట్ట ఎందుకు పాడు జేస్తున్నవ్?" అంటూనే టేపు తీసింది. "జేబులెన్ని?"

"పద్దెనిమిది."

"గిన్నిట్ల ఏం బెడ్తవ్ రా? ఉన్న ఒక్క జేబుల కర్చీఫ్ పెట్టుకోను యాది ఉండదు నీకు."

అయినా పద్దెనిమిదీ కుట్టింది. పైగా పంతొమ్మిదోది లోపలి వైపు కుట్టి, బస్ పాసుకని చెప్పింది. ఇత్తడి రంగు గుండీలు, భుజాల మీద పసుపు పట్టీ, టోపీ మీద సైకిల్ దీపం. నాన్న ఒకసారి వచ్చి కోటు అంచు పట్టి చూసి, "లైనింగ్ మంచిగ వడ్డది," అని వెళ్లిపోయాడు. ఆయన బట్టను చూస్తాడు. లోపల ఎవరున్నారని అడిగే అలవాటు ఆయనకు లేదు. రోజుకు ఇరవై మంది దేవుళ్లను మడతపెట్టే మనిషికి ఆ ఆసక్తి ఉండకపోవడంలో తప్పు లేదు.

శనివారం అమ్మ కోటును ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇంట్లో బీరువా నిండిపోయి తలుపే పడటం లేదు. భుజాలు వెడల్పుగా ఉండే మంచి హ్యాంగర్లు దుకాణంలోనే ఉన్నాయి. కాబట్టి నేను కోటును పట్టుకెళ్లి, ఒక రాజుకూ ఒక ఎలుగుబంటికీ మధ్య వేలాడదీశాను. టోపీ పైన పెట్టాను. ఆ దుకాణంలో పుట్టి పెరిగినవాడు చేయాల్సిన పని కాదది. కానీ చేశాను.

ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్లేసరికి రాజు ఉన్నాడు. ఎలుగుబంటి ఉంది. మధ్యలో హ్యాంగర్ ఒక్కటే ఉంది.

"డాడీ, నా కోటేది?"

"పోయింది!" నాన్న ముఖం వెలిగిపోతోంది.

"పోయిందంటే?"

"కిరాయికి వోయింది రా! తెచ్చిపెట్టి ఒక్క రోజు గాలే. బ్యాండు మాస్టర్ పొద్దుగాల షట్టర్ ఎత్తంగనే వచ్చిండు. ఆయన కోటుకు ఇస్త్రీ పెట్టె అంటుకొని వీపు మీద గింత బొక్క వడ్డదట. మనకాడ వేరే మూడు కోట్లు చూపెట్టిన. వాటి దిక్కు చూడనే లేదు. గదే గావాలె అన్నడు. మీ అమ్మ పనితనం అంటే ఏందనుకున్నవ్!"

ఆయన నాకు శుభవార్త చెబుతున్నాడు. మా ఇంట్లో ఒక వేషానికి దక్కగల అత్యున్నత గౌరవం కిరాయికి పోవడమే. నా కోటుకు అది మొదటి రోజునే దక్కింది.

"ఇయ్యాల నా ప్రోగ్రాం ఉన్నదని చెప్పిన గదా డాడీ."

"ప్రోగ్రాం అంటే సాయంత్రమే గదా. నాలుగింటికల్లా తెచ్చిస్తనన్నడు."

"పన్నెండున్నరకు పేర్లు రాసుకునుడు బంద్ చేస్తరు."

నాన్న ముఖంలో వెలుగు, ఫ్యూజు పోయినట్టు కాదు, బల్బు మెల్లగా సన్నగిల్లినట్టు తగ్గింది. "పగటి పూట గూడ వేషాలేస్తరా?" అన్నాడు.

పెళ్లి ఎక్కడో అడిగి చాదర్‌ఘాట్‌కు ఆటో ఎక్కాను. ఆ తొందరలో, వేషం కోసం తయారుచేసుకున్న టికెట్ల కట్ట, వాటికి చిల్లు పెట్టే మిషను ఉన్న సంచిని దుకాణంలోనే మరిచిపోయాను.

పెళ్లివారిని వెతకాల్సిన అవసరం రాలేదు. ఆటో ఆగకముందే చెవులకు దొరికారు. ఎదురుకోళ్లు నడుస్తున్నాయి. మగపెళ్లివారు గుడి దగ్గర దిగి బ్యాండుతో బయల్దేరతారు. ఆడపెళ్లివారు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎదురొచ్చి, అత్తరు పూసి, షర్బత్ ఇచ్చి లోపలికి తీసుకెళ్తారు. గుడి నుంచి గేటుకు మూడు వందల అడుగులు. నేను వెళ్లేసరికి వాళ్లు ముప్పై అడుగులు వచ్చి ఉన్నారు. ముందు ఐదారుగురు మామలు డాన్సు చేస్తున్నారు. వాళ్ల వెనక, నా కోటులో, బ్యాండు మాస్టర్.

ఆయనకు అరవై ఏళ్లుంటాయి. క్లారినెట్ పైకెత్తి వాయిస్తుంటే పసుపు పట్టీలు మెరుస్తున్నాయి. టోపీ మీద సైకిల్ దీపం పట్టపగలు వెలుగుతోంది. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ, ఆ కోటు నాకంటే ఆయనకే బాగుంది.

పాట ఆగింది. దగ్గరకు వెళ్లాను.

"మాస్టర్, ఆ కోటు నాది."

"నీదా? మస్తుగున్నది బిడ్డా. ఎవరు కుట్టిన్రు?"

"మా అమ్మ."

"అమ్మకు నా సలాం చెప్పు," అని ఇంకో పాట ఎత్తుకున్నాడు.

తర్వాతి పాట ఆగేదాకా పక్కనే నడిచాను. నడవడం అంటే నిలబడటం. మామలు ఒకచోట నాటుకుపోయారు.

"మాస్టర్, నాకిప్పుడే కావాలె. నాంపల్లిల ప్రోగ్రాం ఉన్నది."

"ఇప్పుడే అంటే ఎట్ల బిడ్డా? లోపట బనీను మీదున్న." గుండీ తీసి చూపించాడు కూడా. "మా వాళ్లందరు కోట్ల మీదుండి, మాస్టర్ ఒక్కడు బనీను మీదుంటే, ఎవరు మాస్టర్ అనుకుంటరు జెప్పు?"

న్యాయమైన ప్రశ్న.

"గేటు కాడ రెండు దిక్కులోళ్లు అత్తరు వూసుకోంగనే ఇప్పి నీ చేతిల వెడ్త. ముందుగాల గాడికి చేరనీ."

గేటు వైపు చూశాను. గంట పదకొండూ నలభై. ఒక మామ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని నాగుపాములా మెలికలు తిరుగుతున్నాడు. ఈ లెక్కన పెళ్లికొడుకు గేటు చేరేసరికి అతని పిల్లలు బడికి వెళ్తుంటారు.

ఫోను మోగింది. నాన్న. ఒక చెవి మూసుకుని ఎత్తాను.

"దొరికిందా?"

"దొరికింది. ఒంటి మీదున్నది. నా ఒంటి మీద కాదు."

"ఇగో విను. మాంత్రికుడు ఖాళీగున్నడు. పొద్దున వాపసొచ్చిండు. పూరా సెట్టు, కిరీటం, కర్ర, అన్నీ ఉన్నయి. నువ్వు సీదా నాంపల్లి వో, నేను ఆటోల పట్టుకొస్త. పన్నెండింటికల్లా నీ చేతిల ఉంటది."

మాంత్రికుడు. నల్ల మఖ్మల్ మీద వెండి చుక్కలు. చిన్నప్పుడు ఏ పోటీకైనా ఒక్కసారి, ఒక్కసారి అది మిగిలిపోవాలని నేను మొక్కని రోజు లేదు. ఎప్పుడూ అందరికంటే ముందు అదే పోయేది. ఇప్పుడు పదమూడేళ్లు ఆలస్యంగా, ఇస్త్రీతో సహా ఖాళీగా ఉంది. అది వేసుకుంటే టైముకు చేరతాను. వేసుకోకపోతే చేరతానో లేదో ఆ పాము మామ చేతిలో ఉంది.

అలవాటుగా నోట్లోకి ఏదో ఒక జోకు రావాలి. రాలేదు.

"వద్దు డాడీ. నాకు గదే కావాలె."

అవతల హ్యాంగరు కడ్డీకి తగిలించిన చప్పుడు. ఇవతల డప్పు మోగుతోంది. మా నాన్నతో నేను ఆ మాట అనడం అదే మొదటిసారని, బహుశా ఆయనకూ ఆ క్షణంలోనే తట్టి ఉంటుంది.

"సరే," అని ఫోను పెట్టేశాడు.

ఇక మిగిలింది పాము మామ. అలాంటి మనిషిని బతిమాలితే ఇంకో పాట అడుగుతాడు. కోప్పడితే పెళ్లి ఆగుతుంది. నేను వంగి, ఆయన చెవి దగ్గర చాలా మామూలుగా చెప్పాను.

"మామా, షర్బత్ అయిపోతున్నదట."

పాము లేచి నిలబడింది. "ఎవరు జెప్పిన్రు?"

"గేటు కాడ అనుకుంటున్నరు. ఆడపెళ్లివాళ్లే తాగేస్తున్నరట."

ఆయన ప్యాంటు దులుపుకుని పక్క మామకు చెప్పాడు. పక్క మామ వెనకవాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత జరిగిన దాన్ని ఊరేగింపు అనలేం. పెళ్లికొడుకు గుర్రం కూడా ఆ కబురు అర్థమైనట్టు అంగలు వేసింది. బ్యాండువాళ్లు ఊపిరందక పాటలో సగం స్వరాలు వదిలేసుకుంటూ పరిగెత్తారు. గేటు దగ్గర షర్బత్ డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. ఎవరూ నన్నేమీ అనలేదు, అందరి నోళ్లూ గ్లాసుల్లో ఉన్నాయి.

అత్తరు పూసే పెద్దాయన మర్యాద తెలిసిన మనిషి. వియ్యంకుడితో మొదలుపెట్టి, బ్యాండు మాస్టర్ దాకా ఎవరినీ వదల్లేదు. నా కోటు రెండు చేతులకూ, మెడ దగ్గర గల్లాకూ దట్టంగా పట్టించాడు. మాస్టర్ మాట మీద నిలబడ్డాడు. జనరేటర్ బండి చాటున కోటు విప్పి, టోపీ తీసి నా చేతికిచ్చాడు.

"మరి నేనేం తొడుక్కోవాలె? అన్నం తినాలె గదా."

నా చొక్కా విప్పి ఇచ్చాను. నీలం గళ్ల చొక్కాలో ఆయన హాయిగా భోజనాల బంతి వైపు వెళ్లాడు. నేను బనీను మీద కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని ఆటో ఎక్కాను. కోటు తడిసి బరువెక్కింది. మూడో జేబులో సగం తిన్న లడ్డూ, ఏడో జేబులో వక్కపొడి పొట్లం దొరికాయి. మా అమ్మ అడిగిన ప్రశ్నకు మాస్టర్ ఒక్క పూటలో జవాబు కనిపెట్టాడు.

నాంపల్లి స్టేషన్ ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. పన్నెండూ ఇరవై. దిగి పరిగెత్తడం మొదలుపెట్టాను. పది అడుగులు వేశానో లేదో, ఒక ముసలమ్మ నెత్తి మీద మూటతో అడ్డమొచ్చి కాగితం చాపింది.

"బిడ్డా, జర చూడు. ఇందుల నాకు సీటున్నట్టా లేనట్టా?"

నేను టీసీని కానని చెప్పొచ్చు. ఆకుపచ్చ కోటు, నెత్తిన సైకిల్ దీపం, ఒంటి నిండా అత్తరు ఉన్న మనిషిని ఆమె టీసీ అని ఎలా నమ్మిందని అడగొచ్చు. దేనికీ టైము లేదు. కాగితం తీసుకుని చూశాను. టికెట్ అడగడం నేరమేమో గానీ, చూపిస్తే చూడటం నేరం కాదు.

"ఉన్నదమ్మా. ముప్పై రెండో నంబరు. కిటికీ పక్కన."

"సల్లగుండు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. నా వేషాన్ని ఆ రోజు సందేహం లేకుండా నమ్మిన మొదటి మనిషి ఆమె.

హాలు గుమ్మం దగ్గర నా సహోద్యోగిని పేర్లు రాసుకునే బల్లకు అడ్డంగా నిలబడి ఉంది. అట్ట కవచం, ఫోము కొమ్ములు. బల్ల వెనక అబ్బాయి రిజిస్టరు మూయాలని చూస్తున్నాడు, ఆమె కొమ్ము దాని మధ్యలో ఉంది.

"వచ్చిండు! రాయి!" అని అరిచి, నా వైపు తిరిగి ముక్కు మూసుకుంది. "ఏందిది యార్, ఏ పెండ్లికి వోయొచ్చినవ్?"

"చాదర్‌ఘాట్."

బల్ల వెనక అబ్బాయి పెన్ను ఎత్తాడు. "క్యారెక్టర్ పేరు?"

"పేరు లేదు. టికెట్ కలెక్టర్ అని రాయండి."

చివరి నంబరు నాది. దాన్ని గుచ్చుకోవడానికి పిన్ను కోసం పద్దెనిమిది జేబులూ తడుముకుంటుంటే, పక్క నుంచి ఒక చెయ్యి పిన్ను అందించింది. నాన్న. చంకలో నేను మరిచిపోయిన సంచి ఉంది. మాంత్రికుణ్ణి తేలేదు.

ఆయన నన్ను దుకాణానికి వచ్చిన గిరాకీలా నిలబెట్టి, గల్లా సర్ది, నంబరు గుచ్చి, భుజం మీద అతుక్కున్న గులాబీ రెక్క దులిపాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. డ్రెస్సు బయటికి పంపేముందు ఒకసారి చూసుకునే చూపు. కానీ ఈసారి చూపు బట్ట దగ్గర ఆగలేదు.

"ఎవర్రా ఈయన?" అన్నాడు.

చెప్పాను. ఓడ గురించి, నిప్పు గురించి, లోకాన్ని కాపాడేవాణ్ణి కూడా ఆపి టికెట్ అడిగే మనిషి గురించి. నాన్న మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నాడు.

"ఓడ కాలిపోతుంటె గూడ అడుగుతడా?"

"ఔ."

"డ్యూటీ మనిషి," అన్నాడు నాన్న, తల ఊపి. మా ఇంట్లో కిరాయికి పోవడం కంటే పెద్ద గౌరవం ఇంకొకటి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కొత్తవాళ్ల రౌండు మొదలైంది. ప్రైజు సంగతి అడక్కండి, అది ఆరడుగుల కత్తికి పోయింది. దాన్ని మెట్రోలో ఎలా తెచ్చాడో నేనూ అడగలేదు. నా వంతుకు స్టేజీ ఎక్కాను. ఒక్కొక్కరికి నలభై సెకన్లు. హాల్లో ఎవరికీ నేనెవరో తెలియదు. రెక్కలు, కవచాలు, మూడు రంగుల జుట్లు అన్నీ నా వైపు చూస్తున్నాయి. మెల్లగా నడిచి, స్టేజీ అంచుకు వచ్చి, చెయ్యి చాపాను.

"టికెట్."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనక ఇంకో యోధురాలు కవచంలో చెయ్యి పెట్టి వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి పక్కన రెక్కలవాడు రెక్కలు ఎత్తి వెతుక్కున్నాడు. నవ్వులు అటూ ఇటూ పాకాయి. వాళ్లందరూ ఆడుతున్నారు. మూడో వరసలో ఒక్క మనిషి మాత్రం నిజంగా లేచి నిలబడి, చొక్కా జేబు, ప్యాంటు జేబులు కంగారుగా తడుముకుంటున్నాడు. మా నాన్న. డ్రెస్సులవాణ్ణని చెప్పి పక్క తలుపులోంచి లోపలికి వచ్చేశాడు. ఆయన దగ్గర నిజంగానే టికెట్ లేదు.

"లేదు రా," అన్నాడు, హాలంతా వినపడేలా.

నేను స్టేజీ దిగి ఆయన దగ్గరికి నడిచాను. ఆయన తెచ్చిన కట్టను జేబులోంచి తీసి, ఒక టికెట్ చింపి, మిషనుతో చిల్లు పెట్టి, ఆయన చేతికిచ్చాను.

"కూర్చోండి సార్. మీ సీటు ఇదే."

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి, పై జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.